సిమ్ లేని ఫోన్లు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ పురుగులమ్మ అనేవారు. వినడానికి అంత సొంపుగా ఉండదు కానీ, చేసే పని అదే మరి. ప్రోగ్రామ్‌లో నక్కిన తప్పుల్ని వాళ్లు పురుగులంటారు. వాటిని ఏరిపారెయ్యడం ఆమె ఉద్యోగం. పొద్దున వచ్చి కూర్చున్నది మొదలు సాయంత్రం దాకా ఫోన్లో ఆట ఆడుతూనే ఉంటుంది. "ఆటలాడి జీతం తీసుకుంటావు, పెట్టి పుట్టావే తల్లీ" అని చుట్టాలు మూతి తిప్పుతుంటారు. ఒకే సొరంగంలో ఒకే మలుపు దగ్గర పొద్దస్తమానం కావాలని ఓడిపోతూ కూర్చోవడం ఎంత సుఖమో, ఆ చుట్టాలను ఒక్కపూట ఆ కుర్చీలో కూర్చోబెడితే తెలుస్తుంది.

కంపెనీ ఆమె అన్నయ్యది. కంపెనీ అనగానే అద్దాల మేడలు ఊహించుకోనక్కర్లేదు. సైకిళ్ల దుకాణం పైన ఒక పొడుగాటి గది, నాలుగు బల్లలు, నలుగురు మనుషులు. ఆట ఊహ అన్నయ్యది, బొమ్మలు వదినవి, ప్రోగ్రామ్ రాసేది మౌని. మౌని అన్నది కూడా పెట్టిన పేరే. ఆ అబ్బాయి నోరు విప్పితే వాన పడుతుందని వదిన వేళాకోళం.

అన్నయ్య అంతకుముందు టీవీలకు తగిలించే పెద్ద పెట్టెల కోసం ఆటలు తయారుచేసే చోట మంచి ఉద్యోగంలో ఉండేవాడు. "ఫోన్లో ఆటలేంట్రా, ఫోనుంది మాట్లాడుకోవడానికి" అని బాబాయి ఎన్నిసార్లు మొట్టినా చెవిన పెట్టక, ఆ ఉద్యోగం వదిలేసి ఈ గది అద్దెకు తీసుకున్నాడు. ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాడు: "అందరూ ఫోన్‌ని చిన్న టీవీ అనుకుని ఆటలు చేస్తున్నారు. ఇది టీవీ ఏంటి నీ మొహం! నిద్ర లేచింది మొదలు మనిషి చేతిని అంటిపెట్టుకుని ఉండే వస్తువు. దీనికి చేతితో ఆడే ఆట ఇవ్వాలి. అప్పుడు చూడు, జన్మలో ఆట మొహం చూడనివాళ్లు కూడా ఆడతారు."

అలా పుట్టిన ఆటే 'దీపం'. ఫోనే దీపం. తెర మీద చిన్న మంట వెలుగుతుంటుంది, దాన్ని పట్టుకుని చీకటి సొరంగంలో నడవాలి. ఫోన్ ఏ పక్కకు వంచితే ఆ పక్కకు దారి. గాలి వచ్చేముందు ఫోన్ చేతిలో సన్నగా వణుకుతుంది. వణకగానే నిజం దీపానికి పెట్టినట్టే అరచెయ్యి అడ్డం పెట్టాలి. ఆలస్యమైందా, మంట పోతుంది, మళ్లీ సొరంగం మొదటికి రావాలి. కాల్చుకోవడాలు, చంపుకోవడాలు ఏమీ లేవు. అయినా ఒకసారి మొదలుపెట్టినవాళ్లు పక్కన పెట్టడం కష్టం.

ఆ మధ్యాహ్నం ఫోన్లు తయారుచేసే కంపెనీ నుంచి ఒక మేడమ్ వస్తోంది. ఆవిడ మెచ్చితే వాళ్లు అమ్మే ప్రతి ఫోన్లోనూ దీపం ముందే వేసి ఇస్తారు. మెచ్చకపోతే గదికి తాళం. అన్నయ్య మళ్లీ పాత ఆఫీసు మెట్లు ఎక్కాలి. వెళ్లిపోయేటప్పుడు అక్కడి మేనేజరు "నీ కుర్చీ ఎక్కడికీ పోదులే" అని నవ్విన నవ్వు అన్నయ్యకు ఇంకా అరగలేదు. అన్నయ్య ఆ నవ్వు ముందు మళ్లీ నిలబడకూడదని పురుగులమ్మ గట్టి పట్టుదల.

ఆ కంపెనీలో ఒక నియమం ఉంది. పురుగులమ్మ ఓకే అంటేనే ఆట బయటికి వెళ్తుంది, చివరికి అన్నయ్య మాటైనా ఆ తర్వాతే. ఆ నియమం పెట్టింది అన్నయ్యే. నిన్న సాయంత్రం ఆమె ఓకే అంది.

ఇక ఆ రోజు పొద్దున సంగతి. అన్నయ్య కూతురికి రాత్రి నుంచి జ్వరం. పాపను అమ్మ దగ్గర వదిలి వచ్చారు. "ఒళ్లు వేడెక్కితే తడిగుడ్డ వెయ్యండత్తయ్యా" అని చెప్పి చెప్పి వదిన గడప దాటిందే కానీ, ప్రాణమంతా ఇంట్లోనే ఉంది. బొమ్మల ముందు కూర్చుని ఒక్క గీతా గియ్యకుండా ఆడపడుచు వైపు చూసింది.

"ఒకసారి ఫోన్ చెయ్యవూ? నేను చేస్తే ఆవిడ, నా మీద నమ్మకం లేదా అంటారు."

పురుగులమ్మ అమ్మకు ఫోన్ చేసింది.

"పడుకుందే. జ్వరం కాస్త జారింది," అంది అమ్మ. వెంటనే గొంతు మార్చి, "అది సరే కానీ, మీ ఆట ఏం బాలేదు. పొద్దున మీ పిన్ని ఫోన్ చేసింది. మాట్లాడి పెట్టేసి చూద్దును కదా, దీపం కొండెక్కి కూర్చుంది! గాలీ లేదు, వణకడమూ లేదు. అంత దూరం నడిచిందంతా పాయె. ఇదిగో ఇప్పుడు నువ్వు చేశావు. మళ్లీ అదే అవుతుంది చూడు."

దీపం ఆరిపోయిందన్న మాట అమ్మ నోట రానివ్వదు, ఆటలో దీపమైనా సరే. ఆవిడ ఫోన్లో దీపాన్ని ముందురోజు రాత్రి అన్నయ్యే వేసిచ్చాడు. బతుకంతా కుట్టుమిషను తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి. ఆట అనేది ఆవిడకు పిల్లల్ని తిట్టడానికి పనికొచ్చే మాట. అలాంటిది, తెల్లవారకముందే లేచి సొరంగంలో నడవడం మొదలుపెట్టింది.

"పెట్టేసి చూసి చెప్పమ్మా," అంది పురుగులమ్మ. కాసేపాగి మళ్లీ చేసింది.

"చెప్పానా? అదే చీకటి."

పురుగులమ్మ తన బల్ల మీద వరుసగా పేర్చిన ఫోన్ల వైపు చూసింది. చిన్నవి, పెద్దవి, చవకవి, తెర పగిలినవి. ఎండలో ఆడి చూసింది, ఏసీ కింద ఆడి చూసింది, బ్యాటరీ కొనఊపిరి మీద ఉండగా ఆడి చూసింది. కానీ వాటిలో ఒక్కదానికీ సిమ్ లేదు. పరీక్షకు పెట్టుకున్న ఫోన్లకు సిమ్ ఎందుకు దండగ అని ఎవరూ వెయ్యలేదు. ఆట ముందే బయటికి పొక్కుతుందని సొంత ఫోన్లలో వేసుకోనివ్వలేదు అన్నయ్య. కొన్న రోజు నుంచి ఆ బల్ల మీద ఒక్క ఫోనూ మోగి ఎరగదు. ఫోనన్నాక ఎవరో ఒకరు చేస్తారన్న సంగతి ఆ నలుగురు ఫోన్ పండితులకూ తట్టలేదు.

భయపడుతూనే ఉన్నా ఆమె బుర్ర తన పని తాను చేసుకుపోయింది. "అమ్మా, మళ్లీ మొదలుపెట్టు. నేను ఫోన్ చేస్తా. ఈసారి ఎత్తకు. ఎర్రది నొక్కి కట్ చేసెయ్. ఏమవుతుందో చెప్పు."

చేసింది. అవతల కట్ అయింది. ఇంకాసేపటికి అమ్మే చేసింది.

"భలే! కట్ చేస్తే దీపం కదల్లేదే! కానీ ఆ ముక్క నీకు చెప్పడానికి ఫోన్ చేసి మళ్లీ పోగొట్టుకున్నాను."

"అయితే ఆడేటప్పుడు ఎవరు చేసినా కట్ చెయ్యమ్మా, అప్పుడు ఇబ్బంది ఉండదు," అంది పురుగులమ్మ. అప్పటికే ఆమె మనసు మౌని బల్ల దగ్గరికి పరిగెత్తింది. ఏమన్నదో ఆమెకే సరిగ్గా వినపడలేదు.

మౌని ప్రోగ్రామ్ తెరిచి చూశాడు. గోరు కొరుక్కుని, నోరు విప్పాడు.

"ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే తెర ఆరాలి కదక్కా. అందుకని, చెయ్యి దగ్గరికొచ్చిందో లేదో చూసే కన్నుని ఫోన్ లాగేసుకుంటోంది. మాట్లాడ్డం అయ్యాక మనకి తిరిగివ్వట్లేదు. ఆ కన్ను లేకపోతే గాలికి చెయ్యి అడ్డం లేనట్టే అనుకుని మన ఆట దీపం తీసేస్తోంది."

"బాగుచెయ్యగలవా?"

"చిన్న పనే. కానీ ఇది కదిపితే ఇంకెక్కడ ఏం ఊడుతుందో మళ్లీ అంతా చూసుకోవాలి."

అన్నయ్య ఇస్త్రీ చొక్కా నలక్కుండా కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

"ముట్టుకోవద్దు," అన్నాడు. "మేడమ్ ఆడేది మన ఫోన్లో. దానికి సిమ్ లేదు. ఎవరూ చెయ్యరు. ఆవిడ వెళ్లాక తీరిగ్గా చేద్దాం."

"నేనిచ్చిన ఓకే తప్పని తెలిశాక కూడానా అన్నయ్యా?"

"ఒక్కపూటే. ఈ ఒక్కపూట నోరు కుట్టేసుకుని కూర్చోవే. నీకు దణ్ణం పెడతా."

అన్నయ్య ఆమెను ఎప్పుడూ అలా బతిమాలలేదు. ఆ మాటకు ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒళ్లు మండింది కూడా. నోరు మూసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లింది.

మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. సన్నగా, చురుగ్గా, మొహంలో ఏమీ పైకి కనపడనివ్వని మనిషి. కాఫీ వద్దంది. మాటలు కూడా వద్దంది. "ముందు ఆట చూపించండి," అని చెయ్యి చాపింది. అన్నయ్య ఫోన్ ఇచ్చాడు. మొదటి గాలికే ఆవిడ దీపం పోయింది. రెండోసారి చెయ్యి అడ్డం పెట్టింది. మూడోసారి ఒళ్లో బ్యాగు కింద పెట్టి కాస్త ముందుకు వంగి కూర్చుంది. అన్నయ్య వదిన వైపు చూసి కళ్లతోనే నవ్వాడు.

అంతలో ఆవిడ తలెత్తింది. "ఈ ఫోన్ నా చేతికి కొత్త. నా ఫోన్లో వెయ్యండి."

సైకిళ్ల దుకాణంలో ఎవరో చక్రం తిప్పుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. కాదనడానికి కారణం దొరక్క అన్నయ్య ఆవిడ ఫోన్ తీసుకున్నాడు. దాన్ని కేబుల్‌కు తగిలించి ఆట వేసిచ్చాడు.

మేడమ్ మళ్లీ మొదలుపెట్టింది. చెయ్యి అలవాటైన ఫోన్ కావడంతో తడుముకోకుండా నడిచింది. మొదటి మలుపు, వంతెన, నీళ్లు కారే చోటు. పరీక్షల్లో పురుగులమ్మ కూడా అంత నేర్పుగా ఆ దారి దాటలేదు. సొరంగం చివర వెలుగు కనపడుతుండగా ఫోన్ మోగింది.

తెర పైన 'ఇల్లు' అని పడింది. మౌని కళ్లు మూసుకున్నాడు. వదిన చెయ్యి కొంగును నలిపేస్తోంది. ఎత్తిందంటే అయిపోయింది, పెట్టేసి చూసేసరికి నల్లటి తెర, ఆ తర్వాత తాళం. మేడమ్ బొటనవేలు తెర మీద గాల్లో నిలబడింది. కట్ చేసింది. రెండడుగులు వేసేసరికి మళ్లీ మోగింది. ఈసారి వేలు నిలబడనైనా లేదు, చూడకుండానే కట్ చేసింది. సొరంగం దాటేసింది.

దాటి, వెనక్కి వాలి కూర్చుని, అప్పుడు ఇంటికి ఫోన్ చేసింది. "ఏంటి?... నీళ్ల మోటారా? ఆపెయ్, దానికి నన్నడగాలా?" అని పెట్టేసింది. అందరూ నవ్వారు. అన్నయ్య మరీ గట్టిగా నవ్వాడు.

"ఇంటి నుంచి ఫోనొస్తే నేను ఎంత పెద్ద మీటింగులో ఉన్నా ఎత్తుతాను," అంది మేడమ్. "ఇవాళ రెండుసార్లు కట్ చేశాను. మీరు ఏం తయారుచేశారో మీకు తెలుసా?"

అన్నయ్య మొహం వెలిగిపోయింది. అప్పుడే కనక పురుగులమ్మ ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ పొద్దున్నుంచి మింగుతున్న మాటను ఆమె ఇక ఆపుకోలేకపోయింది.

"ఎత్తి ఉంటే దీపం పోయేది మేడమ్. అది మా తప్పు. నేను చూసుకోలేదు. సరిచేసి ఇస్తాం."

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ ఆమె వైపు తేరిపార చూసింది. అవునా అన్నట్టు ఫోన్ అటూ ఇటూ తిప్పింది. చివరికి నవ్వింది.

"సరిచెయ్యకండి."

"అదేంటి మేడమ్?"

"అలాగే ఉంచండి. ఎత్తితే దీపం పోతుందని ఒకసారి తెలిస్తే ఇక ఎవరూ ఎత్తరు. మనిషి చూపు పక్కకి తిప్పుకోని ఆట కోసమే నేను తిరుగుతున్నాను. మీరనుకోకుండానే ఇచ్చారు." బ్యాగు తీసుకుంటూ, "మీ నియమం గురించి మీ అన్నయ్య ముందే ఫోన్లో చెప్పారు. రేపు పొద్దున్నకి నీ ఓకేతో ఈ ఆట ఇలాగే, ఏమీ మార్చకుండా పంపించు. సంతకాలు రేపే చేసేద్దాం," అంది.

ఆవిడ ఇంకా గదిలోనే నిలబడి వదిన గీసిన బొమ్మలు చూస్తోంది. అన్నయ్య చెల్లెల్ని మెట్ల దగ్గరికి లాక్కొచ్చాడు. తిడతాడనుకుంది. రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "గెలిచామే! నీ పురుగే మనల్ని గెలిపించింది! అమ్మకి చెప్పు, ముందు అమ్మకి చెప్పు," అని మళ్లీ లోపలికి పరిగెత్తాడు.

ఆమె అమ్మకు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. మోగి మోగి ఆగిపోతే నిద్రపోయిందనుకోవచ్చు, స్నానానికి వెళ్లిందనుకోవచ్చు. ఇది అలా కాదు. అవతల ఎవరో మెలకువగా ఉండి, చేత్తో నొక్కి ఆపేస్తున్నారు. ఎవరు చేసినా కట్ చెయ్యమని పొద్దున తాను చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో జ్వరంతో పాప ఉంది.

వదినకు చెబితే బెంబేలెత్తిపోతుంది. చెప్పకుండా మెట్లు దిగింది. వీధిలో నడుస్తూ మళ్లీ చేసింది. కట్. పండ్ల బండి దగ్గర అడ్డం వచ్చిన మనిషిని తోసుకుని, తిట్టించుకుని, పోతూ పోతూ ఇంకోసారి చేసింది. కట్. "ఎత్తమ్మా, నీకు పుణ్యముంటుంది" అని పైకే అనేసింది. మందుల షాపు మలుపు దాటాక ఇక నడవలేదు, పరిగెత్తింది. ఏమీ అయ్యుండదని తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. ఆ మాట ఆమెకే నమ్మకం కలిగించలేదు.

తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది.

అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. రెండు చేతుల మధ్యా ఫోన్. గాలి హోరు పెద్దగా వినిపిస్తోంది. ఆ వెనక, వంటింటి గడప దగ్గర, గోడకు ఆనుకుని పాప కూలబడి ఉంది. గౌను ముందంతా వాంతి. తడిగుడ్డ మెడ మీద ఎండిపోయి అట్టకట్టింది. పెదాలు తెల్లబడ్డాయి.

"నానమ్మని పిలిచా అత్తా," అంది. ఆ గొంతు గాలి హోరు దాటి కుర్చీ దాకా వెళ్లేలా లేదు.

పురుగులమ్మ పాపను ఎత్తుకుంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. అమ్మా అని అరవబోయింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. అన్నయ్య.

"ఎక్కడికెళ్లావే చెప్పకుండా? మేడమ్ ఇప్పుడే వెళ్లింది. రేపు పొద్దున్నకి నీ ఓకే ఒక్కటే..."

"అన్నయ్యా, ఇప్పుడే అమ్మకి ఫోన్ చెయ్యి."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావా? మరి నేనెందుకు..."

"చెయ్యి అన్నయ్యా."

ఆ గొంతు విని అతను మారుమాట్లాడకుండా పెట్టేశాడు. అమ్మ చేతిలో ఫోన్ మోగింది. అమ్మ తల కదల్లేదు. బొటనవేలు మాత్రం పైకి వెళ్లి నొక్కి, మళ్లీ కిందికొచ్చింది. "ఎవర్రా బాబూ, పొద్దున్నుంచీ ఒకటే పోరు," అని గొణుక్కుంది.

పాప దగ్గింది. అమ్మ వెనక్కి తిరిగింది. కూతుర్ని చూసింది, ఆమె భుజం మీద వాలిపోయిన మనవరాల్ని చూసింది. ఫోన్ ఒళ్లోంచి జారి కింద పడింది.

"ఇదెప్పుడు లేచిందే? ఇప్పుడే కదే నేను చూశాను... పడుకునే ఉంది కదే..." లేవబోయి, కాళ్లు తిమ్మిరెక్కి కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో ఆవిడకే తెలియదు.

పురుగులమ్మ ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తగానే అన్నయ్య నవ్వు వినిపించింది. "కట్ చేసిందే! మా అమ్మ! మేడమ్ మాట అక్షరాలా..." అంటూ ఆగిపోయాడు. "ఆ దగ్గు పాపదేనా?"

"వాంతి చేసుకుని గడప దగ్గర పడుంది. ఒళ్లు కాలిపోతోంది. అమ్మ వీపు వెనకే ఉంది అన్నయ్యా, పిలిచిందట. అమ్మని ఏమీ అనకు. ఎవరు చేసినా కట్ చెయ్యమని చెప్పింది నేనే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా, మీరు అక్కడికే రండి." గుక్క తిప్పుకుంది. "నా ఓకే లేదు. ఇలా అయితే ఎవరికీ ఇవ్వను. తర్వాత నువ్వు నన్నేమన్నా పడతాను."

వదిన "ఏమైంది? పాపకేమైంది?" అని అడుగుతున్నది వినిపించింది. దూరంగా మౌని గొంతు: "అన్నా, మరి... సరిచెయ్యనా?"

మెట్ల మీద దిగుతున్న అడుగుల చప్పుడు. ఆ చప్పుడులోంచే అన్నయ్య అరిచాడు.

"అడుగుతావేంట్రా, చెయ్యి! ఆవిడ ఏమన్నా అనుకోనీ, చెయ్యి!"

పురుగులమ్మ పాపకు దుప్పటి చుట్టింది. అమ్మ మందుసీసా, తడిగుడ్డా సంచిలో వేస్తోంది, ఒకటి వేస్తే ఒకటి కింద పడుతోంది. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగిపోయింది.

"ఇందాక నేను కట్ చేసింది," అని కూతురి మొహం వైపు చూడలేక, "మీ అన్నయ్య ఫోనా?" అని అడిగింది.